జింకల మేత సరే, గడ్డి కోత ఆపకండి

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. తూర్పు టెక్సస్‌లో టైలర్ దగ్గర 14 ఎకరాలు కొన్నాం. పక్క రైతు గడ్డి కోసుకుంటున్నాడు. అది ఆపించి, రెండెకరాల్లో జింకలకు క్లోవర్ (పప్పుజాతి మేత మొక్క) వేయాలని మావారి పట్టుదల. తోడు పంట కూడా వేయాలా? 3,000 డాలర్లు సరిపోతాయా?

జవాబు: విత్తనాల మాట తర్వాత. మీకు ఇప్పుడు ఆస్తి పన్ను తక్కువ పడుతోందంటే, ఆ గడ్డి వల్ల మీ నేల వ్యవసాయ భూమి కింద ఉండబట్టే అయ్యుంటుంది. కోత ఆపి ఊరుకుంటే మార్కెట్ విలువ మీద పన్ను కట్టాల్సి వస్తుంది. దాని ముందు మీ 3,000 ఏపాటి! టెక్సస్‌లో వ్యవసాయ భూమిని వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ (వన్యప్రాణుల సంరక్షణ) కిందకి మార్చుకునే వీలు 1995 నుంచీ ఉంది. కానీ మేత ఒక్కటే వేస్తే ఒప్పుకోరు. నీటి వసతి, జంతువుల లెక్కింపు లాంటి ఏడు పనుల్లో కనీసం మూడు చేయాలి, ప్లాన్ రాసివ్వాలి. వారాంతాల్లో వెళ్లొచ్చే మీకు అది తలకు మించిన పని.

తోడు పంట మాత్రం తప్పకుండా వేయండి. సెప్టెంబరు చివర్లో ఓట్స్, క్రిమ్సన్ క్లోవర్ కలిపి చల్లితే ఓట్స్ ముందు మొలిచి జింకల నోటికి అందుతాయి. ఆ చాటున క్లోవర్ నిలదొక్కుకుని, ఓట్స్ ముదిరే వేళకి మేతకొస్తుంది. మన జొన్నలో అలసందలు వేసినట్టే. ఎకరానికి ఓట్స్ 40–50 పౌండ్లు, క్లోవర్ 10–15 చాలు. ఓట్స్ ఎక్కువైతే క్లోవర్ లేవదు.

కొనేటప్పుడు సంచి మీది కొమ్ముల జింకని చూసి మురిసిపోకండి, ట్యాగ్ చదవండి. కోటింగ్ వేసిన క్లోవర్ విత్తనాల్లో మూడో వంతు బరువు ఆ కోటింగ్‌దే కావచ్చు. కోటింగ్ లేనిది కొంటే క్లోవర్‌కి సరిపడే రైజోబియం కల్చర్ (వేళ్లలో నత్రజని తయారుచేసే బాక్టీరియా పొడి) విత్తనాలకి పట్టించండి. వసంతంలో ఒక మొక్క పీకి వేరు మీది బుడిపెని గోటితో చిదమండి. లోపల గులాబీ రంగుంటే నత్రజని తయారవుతున్నట్టే, తర్వాతి పంటకి ఎరువుల ఖర్చు తగ్గుతుంది.

బడ్జెట్‌లో విత్తనాలది చిన్న వాటా. అటువైపు నేలల్లో ఆమ్లం ఎక్కువ, సున్నానికీ ట్రాక్టర్‌కీ డబ్బు పోతుంది. అందుకే ముందు మట్టి పరీక్ష.

ట్రాక్టర్ పక్క రైతు దగ్గర ఉండనే ఉంటుంది. మిగతా 12 ఎకరాల గడ్డి అతన్నే కోసుకోమనండి, బదులుగా ఈ రెండెకరాలు దున్నిపెట్టమని అడగండి. ఆ రెండెకరాల పన్ను సంగతి మాత్రం కౌంటీ అప్రైజల్ ఆఫీసుకి (పన్ను కోసం భూమి విలువ కట్టే ఆఫీసు) ఫోన్ చేసి కనుక్కున్నాకే నాగలి దించండి.