క్యాండెలా ఎక్కువుంటే వెలుగూ ఎక్కువేనా?

బీసెంట్ రోడ్డు చీరల షాపుకి 2000 క్యాండెలాల స్పాట్‌లైట్ మేలా, 800 ల్యూమెన్ల బల్బు మేలా అని అడిగారు కదండీ. ఆ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ల్యూమెన్ మొత్తం వెలుగుకి, క్యాండెలా ఒక దిక్కున పోయే తీవ్రతకి కొలత. 540 లక్షల కోట్ల హెర్ట్జ్ పౌనఃపున్యం ఉన్న ఆకుపచ్చ కాంతి ఒక దిశలో స్టెరేడియన్‌కి (శంకువులా విచ్చుకునే ఘనకోణానికి కొలత) 1/683 వాట్ చొప్పున వెలువడితే ఒక క్యాండెలా. 1979 నుంచి సారాంశంలో ఇదే నిర్వచనం. అంతకుముందు ప్లాటినం గడ్డకట్టేంత వేడి దగ్గర వెలిగే కృష్ణవస్తువు కాంతిని బట్టి కొలిచేవారు, ల్యాబుల వాళ్లకి అదో తలనొప్పి.

మీ స్పాట్‌లైట్ పెట్టె మీద కాంతి విచ్చుకునే కోణం 24 డిగ్రీలన్నారు. అంటే సుమారు 0.14 స్టెరేడియన్లు, దాన్ని 2000తో గుణిస్తే ఆ కాంతిపుంజంలో ఉండేది మహా అయితే 280 ల్యూమెన్లు. బల్బేమో అన్ని వైపులా సమానంగా చిమ్మితే 64 క్యాండెలాలే. బొమ్మకి కట్టిన పట్టుచీర జరీ మెరవాలంటే స్పాట్‌లైట్, షాపంతా కనబడాలంటే బల్బు తీసుకోండి.