చెరువు తాడుతో గుహలోకి దిగొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. సెలవుల్లో స్నేహితులతో మారేడుమిల్లి వైపు కొండల్లో ఒక గుహలోకి తాడుతో దిగుతాడట. మా రొయ్యల చెరువు కోసం తెచ్చిన కొత్త తాడు చుట్ట తీసుకెళ్తానంటున్నాడు. ‘పడవను లాగే తాడమ్మా, నన్ను మోయదా?’ అంటాడు. నాకు టెన్షన్‌గా ఉందండీ. వద్దనాలా?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, ఆ తాడు మీవాణ్ని మోస్తుంది. భయం బరువు గురించి కాదు. తాడు రాతి అంచుకు కోసుకుపోవడం, చివర దాటి మనిషి జారిపోవడం, పైన కట్టింది ఊడిరావడం... ప్రాణాలు తీసేవి ఇవి.

సఖినేటిపల్లి రేవులో పంటుకు కట్టే తాడు చూడమనండి. ఇనుముకు రాసుకునే చోటే నూగు లేస్తుంది, తెగితే అక్కడే తెగుతుంది. గుహ నోట్లో రాయి ఇంకా పదును. మనిషి ఊగుతూ దిగేకొద్దీ తాడు అదే చోట ఒరుసుకుంటుంది. పైగా చెరువుల దగ్గర వాడేవి చాలావరకు పాలీప్రొపిలీన్ తాళ్లు. ఎండకు పెళుసెక్కుతాయి, సుమారు 165 డిగ్రీల వేడికే కరుగుతాయి. వేగంగా దిగితే, తాడు జారే వేగాన్ని అదుపుచేసే డిసెండర్ అనే పరికరం రాపిడికి చురుక్కుమనేంత వేడెక్కుతుంది. గుహలకు వాడేది స్టాటిక్ రోప్. లోపల నైలాన్ పోగులు, వాటిమీద అల్లిన తొడుగు ఉంటాయి, పెద్దగా సాగదు. దానిమీద ‘ఈఎన్ 1891’ అనే యూరప్ ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడాలి. దాన్నీ ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన పడేయకూడదు. యాసిడ్ తగిలిన నైలాన్ పైకి బాగానే కనిపిస్తుంది, బలం మాత్రం ఉండదు. మన ఇళ్లలో రెండూ ఒకే మూలన ఉంటాయి కాబట్టి చెబుతున్నాను.

తాడు చివర ముడి గురించి నా అనుభవం చెప్పాలి. ఇరవై నాలుగేళ్ల వయసులో ఒక శిక్షణలో చీకట్లో దిగుతున్నాను. తలకున్న లైటు వెలుగులో నేల దగ్గరే ఉన్నట్టు కనిపించింది. ఉన్నట్టుండి డిసెండర్ బిగుసుకుపోయింది. చివర వేసిన ముడి దానికి అడ్డుపడింది. తాడు ఇంకా రెండు నిలువుల పొట్టి! దిగేముందు ఆ ముడి వేయించింది మా శిక్షకుడు. నేనైతే వేసేవాణ్ని కాదు. ఆ రోజు నుంచి ముడి చేత్తో పట్టి చూడకుండా ఎక్కడా దిగలేదు.

పైన ఆధారం కూడా ఒక్కటి చాలదు, విడివిడిగా రెండు ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. మన కొబ్బరి దింపు కార్మికుడు ముందు ఎక్కుతాడు, తర్వాత దిగుతాడు. గుహలో ఇది తలకిందులు. దిగేసి, అలసిపోయాక ఎక్కాలి. ఎక్కడం రానివాడు మధ్యలో ఇరుక్కుని బెల్టుల్లో కదలకుండా వేలాడితే కొద్దిసేపటికే స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

అందుకని మీవాణ్ని ఒక్క మాట అడగండి: ‘అదే తాడు మీద పైకి ఎలా వస్తావు? మీలో ఎవరైనా ఇరుక్కుంటే దింపడం ఎవరికి వచ్చు?’ శిక్షణ పొందినవాళ్లు వెంట ఉన్నారని తేలితే వెళ్లనివ్వండి. తడబడితే గట్టిగా వద్దనండి. ఆ చుట్టను మాత్రం ఈలోపే చెరువు గట్టుకు పంపించేయండి.