హ్యాండిక్యాప్ ఎంత అని అడిగితే ఏం చెప్పాలి?

సంక్రాంతికి విశాఖ వచ్చి ఎంవీపీ కాలనీలో అమ్మ దగ్గర ఉన్నాను. ఎదురింటి అబ్బాయి వచ్చే నెల న్యూజెర్సీలో ఉద్యోగంలో చేరుతున్నాడు. ఏడాదిగా ఇక్కడి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో ఆట నేర్చుకుంటున్నాడు. న్యూజెర్సీ మేనేజరు వీడియో కాల్‌లో "నీ హ్యాండిక్యాప్ ఎంత?" అన్నాడట. గోల్ఫ్‌లో ఆటగాడి స్థాయిని చెప్పే అంకె అది, ఎంత తక్కువైతే అంత బాగా ఆడతాడని. "అన్నయ్యా, నాకింకా లేదు. 20 అని చెప్పేయనా?" అని వీడి టెన్షన్.

వద్దు తమ్ముడూ. అమెరికా వెళ్లిన కొత్తలో నేనూ సిగ్గుపడి 15 అని చెప్పాను. అది జంటలుగా ఆడే పోటీ. ఆ రోజు నా స్కోరు 120 దాటింది, గోల్ఫ్‌లో షాట్లు ఎంత తక్కువైతే అంత మంచిది మరి. నా మాట నమ్మి నాతో జత కట్టిన పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు. తిరుగు ప్రయాణంలో కారంతా నిశ్శబ్దం. ఆట రానివాడిని అక్కడ ఓపికగా నేర్పించి మరీ కలుపుకుంటారు. తప్పు అంకె చెప్పినవాడిని మళ్లీ పిలవడానికి ఆలోచిస్తారు.

వీధి క్రికెట్‌లో చిన్నపిల్లల్ని ఆటలో అరటిపండుగా పెట్టుకునేవాళ్లం కదా. వాడు కొట్టినా ఔటైనా లెక్కలోకి రాదు. హ్యాండిక్యాప్ ఉన్నవాడి ప్రతి షాటూ లెక్కే. నీకూ బాగా ఆడేవాడికీ మధ్య ఉన్న తేడాను ముందే షాట్లుగా నీకిచ్చి (అంటే నీ స్కోరులోంచి అన్ని తీసేసి), తర్వాత ఇద్దరినీ సమానంగా ఆడిస్తారు. 22 ఏళ్ల కుర్రాడూ 65 ఏళ్ల పెద్దాయనా నిజంగా పోటీపడగలిగే ఆటలు ఎన్ని ఉన్నాయి? నాకు ఈ ఆట మీద ప్రేమ పుట్టింది అందుకే.

2020 నుంచి మన దేశంలోనూ అమెరికాలోనూ ఒకటే పద్ధతి, వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్. 54 హోల్స్, అంటే మూడు పూర్తి రౌండ్ల స్కోర్లు నమోదైతే హ్యాండిక్యాప్ ఇండెక్స్, అంటే నీ అంకె వస్తుంది. ఆ అంకె ఎవరికైనా గరిష్ఠం 54. తర్వాత చివరి 20 రౌండ్లలో మంచివి 8 తీసుకుని సగటు కడతారు. అంటే అది నీ మంచి రోజుల లెక్క. మామూలు రోజుల్లో అంతకంటే నాలుగైదు షాట్లు ఎక్కువే పడతాయి, దిగులు పడకు.

అందరూ తడబడేది స్లోప్ దగ్గర. రోజూ నడిచేవాడూ కొత్తగా నడక మొదలుపెట్టినవాడూ ఆర్కే బీచ్ రోడ్డు మీద బయల్దేరితే తేడా ఐదు నిమిషాలు. అదే ఇద్దరూ సింహాచలం మెట్లెక్కితే అరగంట. కొండ ఇద్దరికీ కష్టమే, కొత్తవాడికి మరీ కష్టం. గోల్ఫ్ కోర్సుల్లో ఆ 'మరీ' ఎంతో చెప్పే అంకె స్లోప్. 55 నుంచి 155 దాకా ఉంటుంది, ప్రామాణికం 113. నీ ఇండెక్స్ 24, కోర్సు స్లోప్ 130 అనుకో. 24ని 130తో గుణించి 113తో భాగిస్తే 27.6. కోర్స్ రేటింగ్ (బాగా ఆడేవాడికి అక్కడ పడే షాట్లు) 71.2, పార్ (కోర్సుకి నిర్ణయించిన షాట్లు) 72 అయితే ఆ 0.8 తీసేయాలి. మిగిలేది 26.8, అంటే ఆ రోజు నీకు 27 షాట్లు. ప్రతి హోల్‌కీ ఒకటి, కార్డు మీద స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్ కష్టాన్ని బట్టి ఇచ్చే వరస) 1 నుంచి 9 వరకు ఉన్న హోల్స్‌లో రెండేసి. లెక్క యాప్ చేసిపెడుతుంది కానీ ఎందుకో తెలిసి ఆడు.

ఒక హోల్‌లో బంతి నీళ్లలోకి పోయి 11 కొట్టావనుకో, హ్యాండిక్యాప్ కోసం అంతా రాయరు. పార్‌కి రెండు కలిపి, అక్కడ నీకొచ్చే షాట్లు కలిపితే వచ్చేదే పరిమితి. పార్ 4లో ఒక షాట్ వస్తే 7. చెడ్డ రౌండు దాచకు. అలాగని పోటీలో గెలవడానికి మంచి రౌండు దాచడం ఇంకా తప్పు. అమెరికాలో ఒంటరిగా ఆడిన స్కోరు చెల్లదు, పక్కన ఇంకొకరు ఉండాలి.

మేనేజరుకు ఇలా చెప్పు: "హ్యాండిక్యాప్ ఇంకా రాలేదు, 110 దగ్గర ఆడుతున్నాను. అక్కడికి రాగానే క్లబ్బులో చేరి తీసుకుంటాను." రేపు పొద్దున్న ఆరింటికి రా, 18 హోల్స్ ఆడదాం. కార్డు నేను రాస్తాను.