హెచ్‌1బీ మీద ఉన్నాం, స్కూల్ బోర్డు అభ్యర్థికి చందా ఇవ్వొచ్చా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎన్నికల చందాల గురించే. అమెరికాలో సిటీ కౌన్సిళ్లకీ స్కూల్ బోర్డులకీ స్టేట్ అసెంబ్లీలకీ మనవాళ్లు నిలబడుతున్నారు, వాళ్ల ఫండ్‌రైజర్లు మన ఇళ్లలోనే జరుగుతున్నాయి, పిలిచినవాళ్లు తెలిసినవాళ్లు, కాదనలేం. ఒకేలాంటి ప్రశ్నలు కలిపి ఇక్కడ జవాబిస్తున్నా.

ప్రశ్న: మా ఊళ్లో స్కూల్ బోర్డుకి మన తెలుగావిడ పోటీ చేస్తోంది. మా పిల్లలు ఆ స్కూళ్లలోనే చదువుతున్నారు. నేను హెచ్‌1బీ, మా ఆవిడ హెచ్‌4. 50 డాలర్లు ఇద్దామంటే ఫ్రెండ్ ఒకతను వద్దన్నాడు. విదేశీయులు చందా ఇవ్వకూడదన్న రూలు ప్రెసిడెంట్ ఎన్నికలకే కదా, స్కూల్ బోర్డుకి కూడానా? – న్యూజెర్సీ నుంచి ఓ పాఠకుడు

మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టేనండి, ఇవ్వొద్దు. ఫెడరల్ చట్టంలో ఫెడరల్, స్టేట్, లోకల్ అని మూడూ పేరుపెట్టి రాశారు, అంటే ప్రెసిడెంట్ నుంచి మీ స్కూల్ బోర్డు దాకా అన్నీ వచ్చేసినట్టే. ఇంత లోపయితే ఫర్వాలేదు అనే కనీస మొత్తం కూడా లేదు, 50 అయినా 5 అయినా ఒకటే రూలు. సిటిజన్ కాకుండా, గ్రీన్ కార్డు కూడా లేనివాళ్లు అందరూ ఆ చట్టం లెక్కలో విదేశీయులే. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1, ఎల్‌1, ఏ వీసా అయినా సరే, పదిహేనేళ్ల నుంచి ఇక్కడే ఉండి పన్నులు కడుతూ గ్రీన్ కార్డు క్యూలో నిలబడి ఉన్నా సరే.

డబ్బంటే చెక్కు ఒక్కటే అనుకోకండి. ఫండ్‌రైజర్ టికెట్ కొంటే అది విరాళమే. అభ్యర్థి కోసం మీ ఖర్చుతో యార్డ్ సైన్లు (ఇళ్ల ముందు పాతే ప్రచార బోర్డులు) కొట్టించి ఇచ్చినా, సొంత కార్డుతో ఫేస్‌బుక్ యాడ్ పెట్టినా ఖర్చు కిందకే వస్తుంది. ఆన్‌లైన్ డొనేషన్ పేజీల్లో కార్డు నంబర్ దగ్గర్లో చిన్న అక్షరాల్లో కొన్ని లైన్లు ఉంటాయి చూడండి, నేను యుఎస్ సిటిజన్‌ని లేదా పర్మనెంట్ రెసిడెంట్‌ని, ఇది నా సొంత డబ్బు, వేరేవాళ్లు నాకు తిరిగి ఇవ్వట్లేదు అని. మనం యాప్ టర్మ్స్‌కి కొట్టినట్టే దానికీ చదవకుండా టిక్ కొట్టేస్తాం. కానీ అక్కడ మీరు ఓ డిక్లరేషన్ ఇస్తున్నారు, రేపు ఎవరైనా అడిగితే తెలీదు అనడానికి కుదరదు.

ప్రశ్న: మా బాబు ఇక్కడే పుట్టాడు, సిటిజన్. వాడి పేరు మీద ఇస్తే? లేకపోతే మా తమ్ముడికి గ్రీన్ కార్డు ఉంది, తన కార్డుతో కట్టమని నేను తనకి జెల్ యాప్‌లో డబ్బు పంపేస్తే? – డాలస్

రెండూ వద్దు. నేరుగా గానీ ఇంకొకళ్ల ద్వారా గానీ అని చట్టంలోనే ఉంది. డబ్బు మీదైతే పేరు ఎవరిదైనా ఆ విరాళం మీదే, పైగా ఇంకొకరి పేరుతో ఇవ్వడం అనే రెండో తప్పు కూడా తోడవుతుంది. మీ తమ్ముడు తన డబ్బుతో, తన ఇష్టంతో ఇస్తే హాయిగా ఇవ్వొచ్చు, గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ చట్టం ఆయన్ని ఆపదు. కానీ మీరు వెనకాల నుంచి పంపిస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు.

దీని మీద నిజంగా జైలుకెళ్లినవాళ్లు ఉన్నారండి. 2012లో శాన్‌డియాగో మేయర్ ఎన్నికల్లో హోసే అజానో అనే మెక్సికో వ్యాపారవేత్త ఇద్దరు ముగ్గురు అభ్యర్థుల కోసం వేరేవాళ్ల పేర్ల మీదా, ఓ కంపెనీ మీదుగా, సోషల్ మీడియా ప్రచారం రూపంలో కూడా దాదాపు 6 లక్షల డాలర్లు పెట్టాడు. వాటర్‌ఫ్రంట్ మీద పెద్ద డెవలప్‌మెంట్ చేయాలని ఆయన ప్లాను. 2016లో దోషి అని తేలింది, తర్వాత మూడేళ్ల శిక్ష పడింది. ఇది లోకల్ ఎన్నిక, ఫెడరల్ ప్రభుత్వానికి ఇందులో ఏం పని అని అప్పీల్‌కి వెళ్తే 2020లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీల్ కోర్టు) ఒప్పుకోలేదు, మేయర్ ఎన్నికైనా సరే విదేశీ డబ్బుని ఆపే అధికారం కాంగ్రెస్‌కి ఉందని చెప్పింది. మీ 50 డాలర్లకీ ఆయన 6 లక్షలకీ పోలిక లేదు, ఒప్పుకుంటా. తెలిసి కావాలని చేస్తే ఏడాదిలో 25 వేల డాలర్లు దాటినవాటికి అయిదేళ్ల దాకా శిక్ష ఉంది, చిన్న మొత్తాలకి అంత దూరం వెళ్లదు. కానీ వీసా మీద ఉన్న మనిషికి రికార్డులో ఏ చిన్న మచ్చ అయినా రేపు గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ అప్లికేషన్ టైంలో తలనొప్పే.

ప్రశ్న: నేను ఆల్రెడీ ఇచ్చేశాను, ఇప్పుడేం చెయ్యాలి? – అట్లాంటా

కాంపెయిన్ ట్రెజరర్‌కి మెయిల్ పెట్టి, నాకు అర్హత లేదు, వెనక్కి ఇచ్చేయండి అని రాయండి. రీఫండ్ చేయడం వాళ్లకీ అవసరమే, తీసుకోవడం కూడా తప్పే కాబట్టి. మెయిల్, రీఫండ్ రసీదు దాచుకోండి. పెద్ద మొత్తమైతే మెయిల్ పెట్టకముందే లాయర్‌తో మాట్లాడండి.

ప్రశ్న: సోషల్ సెక్యూరిటీ కట్టాలి, ప్రాపర్టీ టాక్స్ కట్టాలి, ఆ టాక్స్‌తో నడిచే స్కూల్ గురించి మాత్రం పది డాలర్లు పెట్టకూడదా? ఇది అన్యాయం కాదా? – సియాటిల్ నుంచి ఓ పాఠకురాలు

మీ కోపం నాకు అర్థమవుతుందండి, ఇదే వాదనతో కోర్టుకెళ్లిన మనిషి కూడా ఉన్నాడు. బెంజమిన్ బ్లూమన్ అని కెనడా దేశస్థుడు, న్యూయార్క్‌లో లాయర్‌గా పనిచేసేవాడు, ఇంకో కెనడా డాక్టర్‌తో కలిసి కేసు వేశాడు. ఆయన అడిగింది పెద్దదేం కాదు, కొంతమంది అభ్యర్థులకి చందా ఇవ్వాలి, ఒబామాకి మద్దతుగా కరపత్రాలు ప్రింట్ చేయించి సెంట్రల్ పార్క్‌లో పంచాలి, అంతే. 2011లో వాషింగ్టన్ డీసీలో ముగ్గురు జడ్జీల బెంచ్ కాదంది. తీర్పు రాసింది ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్న బ్రెట్ కవనా. ఓటెయ్యడం, ప్రభుత్వ పదవుల్లో ఉండటం లాగే ఎన్నికని గెలిపించడానికి డబ్బు పెట్టడం కూడా ఈ దేశం తనని తాను పాలించుకోవడంలో భాగం, అందులోంచి విదేశీయుల్ని బయట ఉంచొచ్చు అని దాని సారాంశం. 2012 జనవరిలో సుప్రీంకోర్టు వాదనలు కూడా వినకుండా దాన్నే ఖరారు చేసింది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పుతో కంపెనీల ఖర్చుకి గేట్లెత్తేసిన కోర్టే విదేశీ డబ్బు దగ్గర మాత్రం గట్టిగా నిలబడింది.

రూలు వెనక ఉన్న కారణం కూడా చూడాలి. 1960ల్లో విదేశీ ప్రభుత్వాలూ కంపెనీలూ లాబీయిస్టుల చేత అమెరికా రాజకీయాల్లోకి డబ్బు పంపిస్తున్నాయని సెనేట్ విచారణలో బయటపడి 1966లో మొదటి నిషేధం వచ్చింది, 1974లో అది విదేశీయులందరికీ వర్తించేలా చేసి గ్రీన్ కార్డు వాళ్లకి మినహాయింపు ఇచ్చారు, 2002లో స్టేట్, లోకల్ అనే మాటలు స్పష్టంగా చేర్చారు. లోకల్ ఎన్నికలకే ఇది ఇంకా ఎక్కువ కావాలని నా అభిప్రాయం. సెనేట్ సీటుకి కోట్లు పోసినా నీళ్లలో కలిసిపోవచ్చు, అదే చిన్న టౌన్ కౌన్సిల్‌లో పది పదిహేను వేల డాలర్లతో ఫలితం మారిపోతుంది, ఆ కౌన్సిల్ చేతిలోనే జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే అధికారం ఉంటుంది, కాంట్రాక్టులు ఉంటాయి, లైసెన్సులు ఉంటాయి. గీత ఎక్కడో ఓ చోట గియ్యాలి కాబట్టి గ్రీన్ కార్డు దగ్గర గీశారు. మనవాళ్లు దశాబ్దాల పాటు ఆ క్యూలో ఆగిపోవడం ఘోరమే, కానీ అది ఇమ్మిగ్రేషన్ చట్టం తప్పు, దాన్ని అక్కడే సరిచేయాలి.

ప్రశ్న: ఒహాయోలో ఉంటాం, ఇద్దరికీ గ్రీన్ కార్డు ఉంది. ఇక్కడ గ్రీన్ కార్డు వాళ్లు కూడా డబ్బు ఇవ్వకూడదట నిజమేనా? – కొలంబస్

నిజమే, దీని గురించి మనవాళ్లలో చాలామందికి తెలీదు. ముందు వెనక కథ చెప్పాలి.

ఫెడరల్ నిషేధం అభ్యర్థుల ఎన్నికలకే. జనం నేరుగా చట్టం మీద ఓటేసే బ్యాలట్ మెజర్లు ఉంటాయి కదా, వాటికి ఆ నిషేధం వర్తించదని 2021లో ఎఫ్‌ఈసీ, అంటే ఫెడరల్ ఎలక్షన్ కమిషన్, ఓ ఫిర్యాదుని కొట్టేసింది. 2018లో మోంటానాలో గనుల నియంత్రణ మీద ఓటు జరిగితే దానికి వ్యతిరేకంగా ఓ ఆస్ట్రేలియా మైనింగ్ కంపెనీ అనుబంధ సంస్థ డబ్బు పెట్టిన కేసు అది. మెయిన్ రాష్ట్రంలో ఇంకా పెద్దది జరిగింది. కరెంటు లైన్ మీద 2021 రెఫరెండంలో హైడ్రో-క్యుబెక్ అనే కంపెనీ 2 కోట్ల డాలర్లకి పైగా ఖర్చు పెట్టింది. ఆ కంపెనీ ఎవరిదనుకున్నారు, కెనడాలోని క్యుబెక్ ప్రభుత్వానిది! పక్క దేశపు ప్రభుత్వ కంపెనీ వచ్చి ఇక్కడి జనానికి ఇలా ఓటెయ్యండి అని యాడ్లు వేసింది, అది చట్టప్రకారమే నడిచింది. మెయిన్ రాష్ట్ర జనానికి ఎంత మండిందంటే 2023 నవంబర్లో విదేశీ ప్రభుత్వాల డబ్బుని నిషేధించే ప్రతిపాదనకి 86 శాతం ఓట్లు వేశారు. దాన్ని 2024లో ఫెడరల్ కోర్టు ఆపింది, విదేశీ ప్రభుత్వ వాటా కాస్త ఉన్న కంపెనీలన్నిటి నోరూ నొక్కేలా మరీ వెడల్పుగా రాశారని.

ఇప్పుడు మీ ఒహాయో. 2023లో అక్కడ బ్యాలట్ మెజర్ల ఓటింగ్‌ల టైంలో హాన్స్‌యోర్గ్ విస్ అనే స్విట్జర్లాండ్ కోటీశ్వరుడి డబ్బు సంస్థల మీదుగా వస్తోందని గొడవ లేచి, 2024 జూన్‌లో గవర్నర్ డివైన్ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. బ్యాలట్ ఇష్యూల్లో విదేశీయుల డబ్బు నిషేధం, అంతవరకు బాగానే ఉంది, కానీ విదేశీయులు అన్నదాంట్లో గ్రీన్ కార్డు వాళ్లని కూడా కలిపేశారు. ఆగస్టు చివర్లో ఓ ఫెడరల్ జడ్జి ఆ గ్రీన్ కార్డు ముక్క వరకు ఆపాడు, అక్టోబర్లో ఆరో సర్క్యూట్ ఇద్దరు ఒకవైపు ఒకరు ఒకవైపుగా ఆ స్టేని పక్కనపెట్టి చట్టం అమలుకి దారిచ్చింది. కాబట్టి ఒహాయోలో గ్రీన్ కార్డుతో ఉన్నవాళ్లు స్టేట్, లోకల్ ఎన్నికల్లో దేనికైనా సరే రూపాయి తీసేముందు అప్పటి పరిస్థితి ఎలా ఉందో లాయర్‌ని అడగండి, పాత వాట్సాప్ ఫార్వర్డ్ నమ్ముకోవద్దు.

నాకు దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది. క్యుబెక్ ప్రభుత్వానికి ఆ ఊళ్లో ఇల్లు లేదు, పిల్లలు లేరు. మీకు ఉన్నారు. గ్రీన్ కార్డు తీసుకున్న మనిషి ఇక్కడే ఉండిపోవడానికి నిశ్చయించుకున్నవాడు, అవసరమైతే ఇక్కడి ఆర్మీలో చేరొచ్చు. అలాంటి మనిషినీ విదేశీ ప్రభుత్వాన్నీ ఒకే గాట కట్టడం పెద్ద పొరపాటు. నిషేధం ఉండాలి, బ్యాలట్ మెజర్లకీ ఉండాలి, సంస్థల వెనక దాక్కుని వచ్చే డబ్బు అసలు ఎవరిదో బయటపెట్టించాలి, దొరకనిది అదే కాబట్టి. చెక్కు మీద సొంత పేరు రాసే కొలంబస్ దంపతుల్ని పట్టుకుంటే ఆ పెద్ద డబ్బు ఆగదు కదా.

ప్రశ్న: కంపెనీల సంగతేంటి? షేర్లు ప్రపంచమంతా కొంటారు కదా? – మినియాపొలిస్

మంచి పాయింట్, మీ మిన్నెసోటా రాష్ట్రమే దీనికి ఉదాహరణ, కానీ కథ మొదలైంది సియాటిల్‌లో. 2019 సియాటిల్ కౌన్సిల్ ఎన్నికల్లో అమెజాన్ దాదాపు 15 లక్షల డాలర్లు పెట్టింది (అది వ్యతిరేకించిన వాళ్లలో మన దేశంలో పుట్టిన క్షమా సావంత్ ఒకరు, ఆమె గెలిచారు కూడా). 2020 జనవరిలో సియాటిల్ కౌన్సిల్ ఓ ఆర్డినెన్స్ (సిటీ చట్టం) తెచ్చింది, ఒక్క విదేశీ షేర్‌హోల్డర్‌కి 1 శాతం గానీ అందరు విదేశీయులకీ కలిపి 5 శాతం గానీ ఉంటే ఆ కంపెనీ సిటీ ఎన్నికల్లో డబ్బు పెట్టకూడదు. మిన్నెసోటా 2023లో అవే అంకెలతో రాష్ట్రమంతటికీ చట్టం చేసింది, ఛాంబర్ ఆఫ్ కామర్స్ కోర్టుకెళ్లింది, ముందు స్టే వచ్చింది, 2025 జనవరిలో చట్టాన్నే కొట్టేశారు. 1 శాతం వాటా ఉన్నవాడు కంపెనీ నిర్ణయాల్ని నడిపిస్తాడని చెప్పడం కష్టమే మరి.

ప్రశ్న: డబ్బు ఇవ్వకూడదు సరే, ఇంకేం చెయ్యొచ్చు? – రాలీ

చాలా చెయ్యొచ్చు. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా పనిచేయడానికి ఫెడరల్ రూల్స్ విదేశీయులకి అడ్డు చెప్పవు. ఫోన్లు చెయ్యొచ్చు, ఇంటింటికీ తిరగొచ్చు, డిబేట్‌కి వెళ్లి ప్రశ్న అడగొచ్చు. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎలా ఖర్చు పెట్టాలి అనే నిర్ణయాల్లో మాత్రం మీ చెయ్యి ఉండకూడదు. మీ కంపెనీ ప్యాక్ (ఎన్నికల చందాలు పోగుచేసి అభ్యర్థులకి ఇచ్చే సంస్థ) కమిటీలో కూర్చుని ఎవరికివ్వాలో చెప్పడం కూడా అందులోకే వస్తుంది. ఇక తెలుగు సంఘాల వాళ్లకి ఒక మాట, మన సంఘాలు చాలావరకు టాక్స్ మినహాయింపు ఇచ్చే 501సీ3 కింద రిజిస్టర్ అయినవి, అవి ఏ అభ్యర్థికీ ప్రచారం చేయకూడదు, చందా ఇవ్వకూడదు, బోర్డులో అందరూ సిటిజన్లే అయినా సరే. ఉగాది స్టేజీ మీదకి ఒకే అభ్యర్థిని పిలిచి ఓటెయ్యమని చెప్పించారంటే సంఘం టాక్స్ మినహాయింపుకే ముప్పు.