పరిశ్రమలు రాకముందు జనాభా పెరిగితే జనం పేదలయ్యేవారా?

చాలావరకు అవును. తినే నోళ్లు పెరుగుతాయి, మంచి భూమి పెరగదు. కొత్తగా సాగులోకి వచ్చేది రాళ్ల నేలే. ఇద్దరు చేసే పొలంలో నలుగురు దిగినంత మాత్రాన పంట రెట్టింపు కాదు. కూలి పడిపోతుంది, కౌలు పెరుగుతుంది, గింజల ధర ఎక్కుతుంది. 1798లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త మాల్థస్ చేసిన వాదన సారాంశం ఇదే.

తిరగేసి, జనం తగ్గితే ఏమవుతుందో చూడాలంటే ఇంగ్లండ్ ఉంది. 1348లో వచ్చిన ప్లేగు కనీసం మూడో వంతు జనాన్ని తీసుకుపోయింది. పైరు ఉంది, కోసే చేతుల్లేవు. బతికినవాళ్లు ఎక్కువ కూలి అడిగారు. ప్లేగుకు ముందున్న కూలికే పనిచేయాలని 1351లో చట్టం తెచ్చినా, కూలి పెరుగుదలను ఆపలేకపోయారు. అన్ని చావుల తర్వాత బతుకులు మెరుగుపడ్డాయంటే మనసుకు కష్టంగానే ఉంటుంది.

అయితే 1965లో డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్టర్ బోసరప్ ఇంకో మాట చెప్పారు: జనం ఒత్తిడి పెరిగినప్పుడే రైతు బీడు పెట్టే ఏళ్లు తగ్గిస్తాడు, ఎరువు వేస్తాడు, కాలువ తవ్వుతాడు. నాకు ఈ మాట కూడా నిజమే అనిపిస్తుంది. కానీ ఆ అదనపు గింజ ఊరికే రాదు, రోజంతా నడుం వంచితేనే వస్తుంది. చైనాలో 1012లో సాంగ్ వంశ చక్రవర్తి త్వరగా పండే చంపా (ఇప్పటి వియత్నాం ప్రాంతం) వరి విత్తనం పంచించాడు. చాలాచోట్ల ఏడాదికి రెండు పంటలు సాధ్యమయ్యాయి, తర్వాత జనాభా కూడా దాని వెంటే పెరిగింది.