కియా కార్లు మన ఏపీలోనే తయారవుతుంటే బెజవాడ షోరూంలో రేటు ఎందుకు తగ్గదు?

ఈ డౌట్ ఇక్కడ చాలామందికి ఉందండి. ఫ్యాక్టరీ ఉన్నది పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, 2017లో ఒప్పందం అయింది, 2019లో సెల్టోస్ కారుతో ఉత్పత్తి మొదలైంది, మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ. రాష్ట్రం మనదే అయినా ఆ ఊరు విజయవాడ కన్నా బెంగళూరుకే చాలా దగ్గర, పైగా కియా ఉన్న గ్రూపులోదే అయిన హ్యుందాయ్ 1998 నుంచి చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్‌లో కార్లు చేస్తోంది కాబట్టి విడిభాగాల వాళ్లు, ఎక్స్‌పోర్ట్‌కి పోర్టు అన్నీ అటే కుదిరాయి.

ఇక రేటు సంగతి. కంపెనీ ఎక్స్‌షోరూం ధర (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ధర) దాదాపు దేశమంతా ఒకేలా పెడుతుంది, రవాణా ఖర్చు కూడా అందులోనే సర్దేస్తారు, అందుకే ఎనికేపాడులో కొన్నా ఢిల్లీలో కొన్నా పెద్ద తేడా రాదు. జీఎస్టీ కూడా కారు ఎక్కడ తయారైందని చూడదు, రాష్ట్రం లోపల అమ్మితే కేంద్రం, రాష్ట్రం చెరిసగం, వేరే రాష్ట్రానికి వెళ్తే ఐజీఎస్టీ అనే ఒకే పన్ను, మొత్తం మాత్రం అంతే. 2025 సెప్టెంబర్ నుంచి 4 మీటర్ల లోపు చిన్న ఇంజిన్ కార్లకి 18 శాతం, పెద్దవాటికి 40, అందుకే కియా చిన్న కారు సోనెట్‌కి కలిసొచ్చింది.

ఆన్‌రోడ్ ధరలో అసలు తేడా తెచ్చేది రిజిస్ట్రేషన్ అప్పుడు కట్టే లైఫ్ ట్యాక్స్, అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మనకి లాభం అంటారా, ఉద్యోగాలు వచ్చాయి, అదీ ఎక్కువగా సీమ వైపే. డిస్కౌంట్ కావాలంటే మాత్రం డిసెంబర్ చివర్లో గుంటూరు, విజయవాడ డీలర్లిద్దరి దగ్గరా కొటేషన్ తీసుకుని బేరమాడండి.