ఆవకాయ సీసా మీద లేబుల్ నిలవాలంటే

ఆవకాయ సీసాల మీద కాగితం లేబుళ్లు వారానికే నూనె పీల్చి అంచులు లేస్తున్నాయని, అక్షరాలు వెలిసిపోతున్నాయని రాశారు కదండీ. జిగురుదే తప్పనుకోకండి. పూత లేని కాగితం నూనెను వత్తిలా లాగేస్తుంది. శాశ్వత యాక్రిలిక్ జిగురున్న పాలీప్రొపిలీన్ ఫిల్మ్ (పల్చటి ప్లాస్టిక్ పొర) లేబుల్ అడగండి, నూనె అందులోకి ఇంకదు. నొక్కితే వంగే ప్లాస్టిక్ సీసాలకైతే పాలిథిలీన్ మేలు.

అక్షరాల సంగతి వేరు. లేబుల్‌ను గోటితో గట్టిగా గీయండి. నల్ల గీత పడిందంటే అది బిల్లు కాగితంలాంటి థర్మల్ రకం, అంటే సిరా లేకుండా వేడితోనే అక్షరాలు పడే కాగితం. వేడికి, నూనెకు ఆగదు. ఫిల్మ్ మీద రెజిన్ రిబ్బన్‌తో (లేబుల్ ప్రింటర్‌లో వాడే గట్టి సిరా పట్టీతో) ముద్రించాలి.

దయచేసి పచ్చడి నింపాక మాత్రం అంటించకండి. కడిగి, పూర్తిగా ఆరిన ఖాళీ సీసాకు అంటించి, 24 గంటలు ఆగి నింపండి. నూనె వేలిముద్ర ఒక్కటి పడినా అక్కడ జిగురు పట్టదు.